పోకర్ సాల్వర్ రివ్యూ: జవాబు చూసే ముందు కాగితం తీయండి

నమస్కారం. ముందు ఒక పోకర్ హ్యాండ్, అంటే ఒక ఆట, చూద్దాం. టేబుల్ మీద ఐదు ముక్కలూ తెరిచి ఉన్నాయి: ఇస్పేటు రాజు, ఇస్పేటు తొమ్మిది, డైమను నాలుగు, కళావరు రెండు, ఆఠీను ఏడు. పాట్‌లో, అంటే మధ్యలో పోగైన పందెంలో, 100 చిప్పులు ఉన్నాయి. అవతలి ఆటగాడు ఇంకో 100 పందెం కాశాడు. మీ చేతిలో రాజు, రాణి. కాల్ చేస్తారా, అంటే మీరూ 100 పెడతారా, లేక ముక్కలు పడేస్తారా? వీడియో ఆపి, జవాబూ కారణమూ ఒక కాగితం మీద రాయండి. దీని దగ్గరికి మళ్లీ వస్తాను.

ఈ రోజు రివ్యూ పోకర్ సాల్వర్ల మీద, అంటే ఏ చేతితో ఏం చేయాలో లెక్కగట్టే ప్రోగ్రాముల మీద. ఏదో ఒక కంపెనీ సాఫ్ట్‌వేర్ అని కాదు, ఈ తరహా మొత్తం మీద. మూడు నెలలుగా దాదాపు రోజూ వాడుతున్నాను. మొదటి నెల శుద్ధ దండగ. ఎక్కాలు బట్టీ పట్టినట్టు అవి చూపే పట్టికలు బట్టీ పట్టాను. టేబుల్ దగ్గర కూర్చోగానే ఒక్కటీ గుర్తు రాలేదు.

సాల్వర్ చేసే పని ఇది. ఇద్దరి చేతుల్లో ఏయే ముక్కలు ఉండవచ్చో, అంటే ఇద్దరి రేంజ్‌లు, మనమే ఇవ్వాలి. పందేల పరిమాణాలూ మనమే చెప్పాలి. అది తనతో తానే మళ్లీ మళ్లీ ఆడుకుంటూ, ఏ ఒక్కరూ తమ ఆట మార్చుకుని అదనంగా లాభపడలేని స్థితికి దగ్గరవుతుంది. దాన్నే నాష్ సమతౌల్యం అంటారు. ఈ దారికి పేరున్న చరిత్రే ఉంది. 2015లో అల్బెర్టా విశ్వవిద్యాలయ పరిశోధకులు ఇద్దరు ఆడే లిమిట్ హోల్డెమ్‌ను (పందెం పరిమాణాలకు కట్టుబాటు ఉన్న పోకర్‌ను) దాదాపు పూర్తిగా ఛేదించారు. 2017లో కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయం వారి లిబ్రాటస్ అనే ప్రోగ్రాం నలుగురు వృత్తి ఆటగాళ్లతో 1,20,000 హ్యాండ్లు ఆడి నెగ్గింది. అందులో నాకు నచ్చిన సంగతి వేరే ఉంది. పగలు ప్రత్యర్థులు తన ఆటలో పట్టుకున్న లొసుగులను అది రాత్రిపూట పూడ్చుకునేది. యంత్రం కూడా ఆట అయ్యాక కూర్చుని చదువుకుందన్నమాట!

ఇప్పుడు మన హ్యాండ్. 100 పెట్టి 200 కోసం పోరాడుతున్నాం కాబట్టి మూడింట ఒక వంతు సార్లు గెలిస్తే నష్టం లేదు. అవతలి వ్యక్తికి నేను ఇచ్చిన రేంజ్‌లో మనల్ని ఓడించే చేతులు లెక్కపెడదాం. ఒక రాజు టేబుల్ మీద, ఒకటి మన దగ్గర ఉన్నాయి కనుక అవతల రాజుల జత ఒక్క రకంగానే వస్తుంది. తొమ్మిదులు, ఏడులు, నాలుగులు, రెండుల జతలు తలా మూడు రకాలు; టేబుల్ మీది ముక్కతో కలిసి అవి మూడు అవుతాయి. ఆసు-రాజు ఎనిమిది రకాలు. మొత్తం 21. ఇక బ్లఫ్‌లు, అంటే గెలిచే ముక్కలు లేకుండా భయపెట్టే పందేలు. ఒకే రంగు ముక్కలు ఐదు కావాలని ఇస్పేట్ల కోసం చూసి, ఐదోది రాక మిగిలిపోయిన చేతులు 12 ఉన్నాయని నేను రేంజ్ ఇచ్చాను. 33లో 12 అంటే 36 శాతం. కాల్ చేయవచ్చు.

కానీ మీ రాణి ఏ రంగుదో అడిగారా? కళావరు రాణి అయితే పై లెక్క సరే. అదే ఇస్పేటు రాణి అయితే, ఆ ముక్క మీ దగ్గరే ఉంది కనుక అవతలి వ్యక్తి బ్లఫ్‌లలో రాణి ఉన్న నాలుగు చేతులు ఎగిరిపోతాయి. మిగిలినవి 8. అంటే 29లో 8, దాదాపు 28 శాతం. అదే జత, అదే పందెం, అయినా పడేయాలి. ఇన్నేళ్లలో నేను ఈ తేడా గమనించనే లేదు. సాల్వర్‌కు మార్కులు ఇక్కడే వేస్తాను.

లోపాలు తక్కువేమీ కాదు. ఆ 12 అన్న అంకె నా ఊహ. అవతలి మనిషి రివర్‌లో, అంటే ఐదో ముక్క తెరిచాక, బ్లఫ్ చేయని రకమైతే ఏ రాణి అయినా ఒకటే, కాల్ చేస్తే డబ్బు పోతుంది. ఆ మనిషి స్వభావం సాల్వర్‌కు తెలియదు, మనం చెప్పాలి. ఎక్కువ రకాల పందెం పరిమాణాలు ఇస్తే కంప్యూటర్ మూలుగుతుంది. ముగ్గురు, నలుగురు పాట్‌లో ఉన్న సందర్భాలకు చాలా సాల్వర్లు పనికిరావు. ఇంకొకటి: ఒకే చేతికి 60 శాతం కాల్, 40 శాతం ఫోల్డ్ (పడేయడం) అని చూపిస్తుంది. ఆ శాతాల కోసం నేను వారాలు తల బద్దలు కొట్టుకున్నాను. సమతౌల్యంలో ఆ రెండింటి విలువా సమానమే కాబట్టే అలా కలిపి ఆడుతుంది. అక్కడ ఏది చేసినా పోయేది లేదు.

ఆట నడుస్తుండగా తెరవడం మాత్రం మోసమే, ఆన్‌లైన్ సైట్లు దాన్ని నిషేధిస్తాయి.

పాట్ ఆడ్స్, అంటే పైన చేసిన మూడింట ఒక వంతు లాంటి లెక్క, ఇంకా చేతికి రానివారు కొనవద్దు. కాగితం, పెన్సిల్ చాలు. ఓడిన కోపంలో ఆట ఆపలేనివారికీ ఇది అక్కరకు రాదు, ఆ జబ్బు ఇందులో కనిపించదు. మిగతావారు తీసుకోండి. అయితే బటన్ నొక్కే ముందు మీ అంచనా రాయండి. నేను రెండో నెల నుంచి రాస్తున్నాను. గెలిచిన డబ్బు లెక్క కాదు, నా జవాబుకూ దాని జవాబుకూ తేడా ఎన్ని చిప్పులో రాస్తాను. ఆ కాగితాల్లో పెద్ద తప్పులన్నీ ఒకే చోట పోగయ్యాయి: రివర్‌లో పెద్ద పందేనికి, చేతిలో ఇస్పేటు పెట్టుకుని చేసిన కాల్‌లు. ఈ వారం వాటినే మళ్లీ తిరగేస్తున్నాను.