కొండ కింద ఉండిపోయిన పిల్లలు

వేదిక మీదున్న పెద్దలకి, అధికారులకి నమస్కారం. టెక్కలి నుంచి, పలాస నుంచి, పాతపట్నం నుంచి తెల్లవారకముందే బయలుదేరి, పిల్లల్ని చంకనెత్తుకుని బస్సులెక్కి వచ్చిన తల్లులకి మరీ మరీ నమస్కారం.

డిసెంబరు 3, అంతర్జాతీయ దివ్యాంగుల దినోత్సవ సభలో నాకిచ్చిన అంశం ‘దివ్యాంగ బాలల విద్య’. రాసుకొచ్చాను, కాగితం చేతిలోనే ఉంది. కానీ ఇవాళ కొండ గురించి చెప్పాలనుంది. అది కూడా చదువే కాబట్టి సభవారు ఒప్పుకోవాలి.

ప్రత్యేక అవసరాలున్న పిల్లల కోసం నడిచే మా భవిత కేంద్రానికి ఒక బాబు వచ్చేవాడు. సెరిబ్రల్ పాల్సీ, అంటే మెదడు దెబ్బతిని కండరాలు మాట వినని స్థితి. కాళ్ళు బిగుసుకుపోయి ఉంటాయి, మాట కాస్త ముద్దగా వస్తుంది, తెలివి మాత్రం చురుకు. వాడు చదివే బడివాళ్ళు కార్తీకమాసంలో శాలిహుండం కొండకి పిక్నిక్ పెట్టారు. అందరితో పాటే వాళ్ళమ్మ డబ్బులు కట్టింది, కొత్త చొక్కా వేసి పంపింది. మర్నాడు నేనడిగాను, “శాలిహుండంలో ఏటి చూసావురా?” అని.

“బస్సు, మేడమ్” అన్నాడు.

మిగతా పిల్లలంతా కొండెక్కారు. వీణ్ణి కింద బస్సులో, కిటికీ పక్కన కూర్చోబెట్టారు. పులిహోర పొట్లం ఇచ్చారు, ఫ్యాను కూడా వేశారు. ఎవరూ కసురుకోలేదు. అందరూ ప్రేమగానే చూశారు. ఆ ప్రేమే వాణ్ణి కొండ కింద ఉంచేసింది. ఈ మాట ఎవర్నో తప్పుపట్టడానికి చెప్పడం లేదు. అయ్యా, ఈ హాల్లో ఎంతమంది పిల్లలు విహారయాత్రకెళ్ళి బస్సు చూసి వచ్చారో ఒక్కసారి వాళ్ళ అమ్మల్ని అడగండి.

మనకి చట్టం లేదా? ఉంది. 2016 దివ్యాంగుల హక్కుల చట్టం 29వ సెక్షన్లో స్కౌటింగ్, ఆరుబయట శిబిరాలు, సాహస కార్యక్రమాలు అని పేర్లు పెట్టి మరీ రాశారు. వాటిలో దివ్యాంగులు పాల్గొనేలా చూడాల్సింది ప్రభుత్వం, స్థానిక సంస్థలు. బడిలో చదువుతో పాటు ఆటలు, వినోదం మిగతా పిల్లలతో సమానంగా అందాలని 16వ సెక్షన్ చెబుతోంది. దయ తలిచి ఇచ్చేవి కావు ఇవి.

శాలిహుండం పేరెత్తాను కాబట్టి ఇంకో మాట. వంశధార ఒడ్డున ఆ కొండ మీద బౌద్ధ స్తూపాలున్నాయని 1919లో లోకానికి చెప్పింది మన గిడుగు రామమూర్తి పంతులు గారే. సవర గిరిజనుల భాష కోసం మన్యంలో తిరిగి మలేరియా తెచ్చుకున్నారు, దానికి వాడిన క్వినైన్ వల్ల ఆయనకి జీవితాంతం చెవుడు మిగిలింది. మన శ్రీకాకుళం జిల్లా పిల్లలకి ఆయన్ని భాషావేత్తగా చెబుతాం. వినికిడి పోయిన మనిషి అని కూడా చెప్పాలి. చెవికి మిషను పెట్టుకున్న పిల్ల ఆ కొండెక్కేటప్పుడు ఆ సంగతి తెలిసి ఎక్కాలి.

ఆ బాబు మాట విన్నాక నిద్ర పట్టలేదు. తల్లుల్ని, నలుగురు కాలేజీ కుర్రాళ్ళని కూడగట్టి అదే కొండకి వెళ్ళాం. తెల్లారేసరికి అక్కడున్నాం, ఎండ ముదరక ముందే పైకి చేరాలని. వీల్‌చైర్ ముందు చక్రాలు చిన్నవి, గులకరాళ్ళలో ఇరుక్కుంటాయి. అందుకని ముందు భాగం కాస్త పైకెత్తి, వెనక పెద్ద చక్రాల మీద నడిపించారు. మెట్ల దగ్గర కుర్చీని వెనక్కి తిప్పి, పైనుంచి ఇద్దరు లాగితే కింద ఇద్దరు కాచుకున్నారు. మా బాబు ప్రతి మెట్టుకీ “హెయ్” అని అరిచేవాడు. వాడి అరుపుకి అందరం ఒక్కసారిగా ఎత్తేవాళ్ళం.

చూపు లేని ఒక పాప కూడా వచ్చింది. పొడవాటి కర్రని ముందొకరు, వెనకొకరు పట్టుకుంటే మధ్యలో తను పట్టుకుని నడిచింది. పైన స్తూపం దగ్గర ఇటుకల్ని తడిమింది. ఒక ఇటుక పొడవుని జానలతో కొలిచింది. వరసల మధ్య సందులో వేలు పెట్టి, “మేడమ్, మా ఇంటి ఇటుక ఇంత పెద్దది కాదు, ఇది ఎవులు కాల్చారు?” అని అడిగింది. కళ్ళున్న పిల్లలెవరికీ ఆ ప్రశ్న తట్టలేదు. తర్వాత గాలి వచ్చే వైపు మొహం తిప్పి, “ఏరు ఇటుందా, సముద్రం ఇటుందా?” అంది. రెండు వైపులా చెయ్యి పట్టుకుని చూపించాను.

ఇలా చెప్పుకుంటూ పోతే నా టైమ్ అయిపోతుంది. కానీ టీచర్లున్నారు కాబట్టి పనికొచ్చే సంగతులు చెప్పాలి. వినపడని పిల్లల్ని వరుస చివర పెట్టకండి, వెనక నుంచి ఎంత విజిల్ ఊదినా వాళ్ళకి తెలీదు. ఆటిజం పిల్లలకి వెళ్ళబోయే చోటు ఫొటోలు ముందే చూపిస్తే టెన్షన్ తగ్గుతుంది. ఫిట్స్ ఉన్న పిల్లల మందులు ఏ టైముకి వేయాలో తోడున్న ఇద్దరికైనా తెలియాలి. అన్నిటికంటే పెద్ద సమస్య బాత్రూమ్. ఆడపిల్లల తల్లులు కొండకి భయపడటం లేదమ్మా, దీనికే భయపడుతున్నారు. శాలిహుండంలోనైనా, రామతీర్థంలోనైనా, పుణ్యగిరిలోనైనా కుర్చీతో సహా లోపలికి వెళ్ళగలిగే బాత్రూమ్ ఒక్కటి కట్టించండి. కలెక్టరాఫీసు నుంచి వచ్చిన పెద్దలు ఇది రాసుకోవాలని వేడుకుంటున్నాను.

ఫ్రాన్స్‌లో జోయెల్ క్లోడెల్ అనే కొండదారుల గైడ్ 1987లో ఒంటి చక్రం కుర్చీ తయారు చేశాడు. ముందొకరు, వెనకొకరు పట్టుకుంటే సన్నటి కాలిబాటలో కూడా పోతుంది. మన ఊళ్ళలో వెల్డింగ్ చేసేవాళ్ళున్నారు, ఐటీఐ కుర్రాళ్ళున్నారు. ఆ బొమ్మ చూపించి అడిగితే మనవాళ్ళు చెయ్యలేరా? బరువు మోస్తూ కొండ దిగడం మన ఏజెన్సీ జనానికి ఎవరూ నేర్పక్కర్లేదు. రోడ్లు లేక డోలీలు మోసి మోసి నేర్చుకున్నారు. ఆ డోలీలు పోవాలి, రోడ్లు రావాలి. కానీ రాయి మీద పాదం ఎలా ఆనించాలో మాకు నేర్పడానికి వాళ్ళనే గురువులుగా పిలవాలి.

దయచేసి మా పిల్లల ముందు ఎవరెస్టు కథలు తేకండి. ఎక్కినవాళ్ళకి దండం పెడతాను. మా పిల్లలు రికార్డులు అడగడం లేదు. తోటి పిల్లలు ఎక్కిన కొండే, వాళ్ళు ఎక్కిన రోజే ఎక్కాలంటున్నారు. విడిగా ఇంకో బస్సులో, ఇంకో ఆదివారం కాదు.

అధ్యక్షులు చీటీ పంపారు, ముగిస్తున్నాను. సంక్రాంతి సెలవులు అయ్యాక మళ్ళీ శాలిహుండం వెళ్తున్నాం. ఈసారి మామూలు బడి పిల్లల్ని కూడా కలుపుకునే వెళ్తాం. వెనక తలుపు దగ్గర మా టీచర్లు పుస్తకం పెట్టుకుని కూర్చున్నారు. అమ్మలూ, పిల్లల పేరుతో పాటు వేసుకునే మందులు కూడా రాయించండి. కుర్రాళ్ళూ, కుర్చీ పట్టడానికి ఇంకా చేతులు కావాలి, మీ ఫోన్ నంబర్లు ఇచ్చి వెళ్ళండి.