గదే రెండో లైటు

అందరికీ నమస్కారం.

ఇంట్లో పోర్ట్రెయిట్ లైటింగ్ నేర్చుకుందామనుకునేవాళ్లు ముందుగా అడిగేది, ఎన్ని లైట్లు కొనాలని. ఒకటి కొనండి చాలు. రెండోది మీ ఇంట్లో ఎప్పటినుంచో ఉంది. అది మీ తెల్ల గోడ.

పది బై పన్నెండు గదిలో ఫ్లాష్ వెలిగిందంటే ఆ వెలుగు ముఖం మీద ఒక్కసారి పడి ఊరుకోదు. సీలింగుకి, పక్క గోడకి, నేలమీది టైల్సుకి తగిలి మళ్లీ వస్తుంది. అందుకే కుడివైపు లైటు పెట్టినా ఎడమ చెంప చీకటి పడదు, ఫొటో చప్పగా వస్తుంది. గోడకి లేత ఆకుపచ్చో గులాబీ రంగో ఉంటే ఇంకో చిక్కు. ఆ రంగు దవడ కింద, నీడవైపు చెంప మీద తేలుతుంది. కెమెరాలో వైట్ బ్యాలెన్స్ (ఫొటో మొత్తం రంగుని సరిచేసే సెట్టింగు) మార్చి దాన్ని పోగొట్టలేరు. నీడవైపు సరిచేస్తే వెలుగువైపు చెడుతుంది.

కాబట్టి లైటుతో పాటు కొనాల్సింది నల్ల గుడ్డ. నాలుగడుగుల వెడల్పు, ఆరడుగుల పొడవు ఉంటే సరిపోతుంది. మెరిసే శాటిన్ వద్దు, వెల్వెట్ లాంటిది తీసుకోండి. బట్టలారేసే స్టాండుకో తలుపుకో వేలాడదీసి, ముఖానికి రెండడుగుల దూరంలో నీడవైపు ఉంచండి. గుడ్డతో ఒకటి, గుడ్డ లేకుండా ఒకటి తీసి పక్కపక్కన పెట్టి చూడండి. గది ఎంత వెలుగు పోస్తోందో అక్కడ తెలుస్తుంది.

ఇక సామాను. 200 నుంచి 300 వాట్-సెకన్ల (ఫ్లాష్ శక్తికి కొలత) స్ట్రోబ్, అంటే స్టూడియో ఫ్లాష్ ఒకటి, దాని ముందు తగిలించి వెలుగుని మెత్తబరిచే 90 సెంటీమీటర్ల గుడ్డ పెట్టె సాఫ్ట్‌బాక్స్, గట్టి స్టాండు, కెమెరా నుంచి ఫ్లాష్‌ని వెలిగించే ట్రిగ్గర్. సాఫ్ట్‌బాక్స్ బదులు వాడే ఫొటో గొడుగు చవకే గానీ వెలుగుని నలుమూలలా చిమ్ముతుంది, చిన్న గదిలో అది పనికి అడ్డం. సాఫ్ట్‌బాక్స్ ముందు గ్రిడ్ (వెలుగు పక్కలకి పోకుండా ఆపే గళ్ల అమరిక) తగిలించుకుంటే గోడల మీద పడే వెలుగు ఇంకా తగ్గుతుంది.

కెమెరా మాన్యువల్‌లో పెట్టండి. ఐఎస్ఓ (వెలుగుకి కెమెరా సున్నితత్వం) 100, షట్టర్ 1/160 సెకను, అపర్చర్ (లెన్సు రంధ్రం) ఎఫ్ 8. ఫ్లాష్ ఆపి ఒక ఫొటో తీయండి. అది నల్లగా రావాలి. ఏమైనా కనిపిస్తే ట్యూబ్‌లైటో కిటికీయో లోపలికి వస్తున్నట్టు. ఆర్పండి, కర్టెన్ వేయండి. మిర్రర్‌లెస్ వాడేవాళ్లకి ఇక్కడ వ్యూఫైండర్ కూడా నల్లబడుతుంది. కెమెరా చెడిపోలేదు, మెనూలో ఎక్స్‌పోజర్ ప్రివ్యూ (ఫొటో ఎంత వెలుగుతో వస్తుందో ముందే చూపించేది) ఆపేస్తే సరిపోతుంది. ఫొటోలో ఒక అంచున నల్లపట్టీ వస్తే షట్టర్ స్పీడు సింక్ స్పీడు (ఫ్లాష్ వెలుగు ఫ్రేమంతా పడే అత్యధిక షట్టర్ వేగం) దాటిందన్నమాట. ఫ్లాష్ అసలు వెలగకపోతే ముందు ట్రిగ్గర్ మీది ఛానెల్, గ్రూప్ సెట్టింగులు లైటు మీదివాటితో కలిశాయో లేదో చూడండి.

ఇప్పుడు దూరం. అసలు విషయమంతా ఇక్కడే ఉంది. సాఫ్ట్‌బాక్స్ వెడల్పు ఎంతో ముఖానికి అంత దూరంలో, అంటే మూడడుగుల్లో పెట్టండి. దూరం రెట్టింపయితే వెలుగు నాలుగో వంతుకి, అంటే రెండు స్టాపులు (ఒక్కో స్టాపుకి వెలుగు సగమవుతుంది) పడిపోతుంది. పెద్ద సాఫ్ట్‌బాక్స్ దగ్గరగా ఉన్నప్పుడు ఈ లెక్క అచ్చంగా కుదరదు గానీ అంచనాకి చాలు. లైటు నుంచి వెనక గోడ తొమ్మిదడుగుల దూరంలో ఉంటే అక్కడికి తొమ్మిదో వంతు వెలుగే చేరుతుంది, తెల్ల గోడ బూడిదరంగులో కనిపిస్తుంది. పక్క గోడల మీద కూడా వెలుగు ఇలాగే దూరాన్ని బట్టి తగ్గుతుంది. లైటు దగ్గరయ్యే కొద్దీ పవర్ తగ్గిస్తారు, దాంతో గది నుంచి వచ్చే వెలుగు కూడా తగ్గుతుంది. లైటుని ఆరడుగుల వెనక్కి నెట్టి 'ఇంకా మెత్తగా రావాలి' అనుకునేవాళ్లు చేసేది సరిగ్గా తలకిందులు పని. దూరం పోయిన సాఫ్ట్‌బాక్స్ ముఖానికి చిన్నదైపోతుంది, నీడల అంచులు గట్టిపడతాయి.

కోణానికి మొదట ముఖానికి ఎదురు నుంచి పక్కకి 45 డిగ్రీలు, కంటి మట్టానికి కాస్త పైన, కిందికి వంచి పెట్టండి. చూడాల్సింది ముక్కు నీడని. అది పెదవి పక్కకి చిన్నగా వాలితే దాన్ని లూప్ లైటింగ్ అంటారు. లైటుని ఇంకా పక్కకి జరిపితే ఆ నీడ చెంప నీడతో కలిసి కంటి కింద వెలుగు త్రికోణం మిగులుతుంది. దీన్నే 17వ శతాబ్దపు డచ్ చిత్రకారుడు రెంబ్రాంట్ పేరుతో పిలుస్తారు. మీ గదిలో ఆ త్రికోణం తేటగా ఏర్పడకపోతే గోడ ఇంకా పనిచేస్తోందని అర్థం, నల్ల గుడ్డ ఇంకా దగ్గరికి జరపండి. కళ్లలో మెరుపు చుక్క లేకపోతే లైటు మరీ పైకెక్కింది.

మనవాళ్లకి ప్రత్యేకంగా చెప్పాల్సినవి కొన్ని ఉన్నాయి. చామనఛాయ ముఖాన్ని తెల్లగా చూపించాలని పవర్ పెంచకండి. ఫొటోలో నుదురు, ముక్కు కొన ముందు వివరం లేకుండా తెల్లబడిపోతాయి, తెల్ల చొక్కా వివరాలన్నీ పోతాయి. నుదుటి మెరుపు అంటే చర్మం మీది నూనెలో లైటు ప్రతిబింబమే. పవర్ తగ్గిస్తే ముఖమంతా చీకటవుతుంది గానీ మెరుపు పోదు. టిష్యూతో అద్ది, పల్చగా పౌడర్ రాసి, లైటు ఇంకాస్త దగ్గరికి తేండి. కళ్లజోడులో సాఫ్ట్‌బాక్స్ కనిపిస్తుంటే లైటు పైకెత్తి, గడ్డం కొద్దిగా దించమనండి, లేదా కళ్లజోడు కాడలు చెవుల దగ్గర ఒక పిసరు పైకి లేపండి. నగల దగ్గర ఇంతసేపు పొగిడిన నల్ల గుడ్డే ఎదురుతిరుగుతుంది. నునుపైన బంగారం ఎదురుగా ఏముంటే దాన్నే చూపిస్తుంది కాబట్టి గాజుల మీద నల్ల చారలు పడతాయి. అప్పుడు కెమెరా కింద ఒక తెల్ల థర్మోకోల్ షీటు పెట్టి నగలకి చూపించండి.

అభ్యాసానికి ఇంట్లోవాళ్లని గంటలకొద్దీ కూర్చోబెట్టకండి. విగ్గులు పెట్టే బొమ్మ తల ఒకటి తెచ్చి, మెరవని గోధుమరంగు పెయింట్ వేయండి. లైటుని 15 డిగ్రీల చొప్పున చుట్టూ జరుపుతూ తీయండి. కోణం రాసిన చీటీ ఫ్రేములో ఉంచండి, మిగతావేవీ మార్చకండి.

స్టాండు కాళ్లలో ఒకదాన్ని సాఫ్ట్‌బాక్స్ వాలిన వైపుకి తిప్పి, కాళ్ల మీద ఇసుక సంచి వేయండి. సీలింగ్ ఫ్యాన్ ఆపాకే స్టాండు పైకి లేపండి. స్ట్రోబ్ ప్లగ్గు తీసినా లోపలి కెపాసిటర్‌లో ప్రమాదకరమైన వోల్టేజ్ నిలిచి ఉంటుంది, దాన్ని విప్పే పని మెకానిక్‌కే వదిలేయండి.

చివరికి రెండో లైటు కొన్న రోజున దాన్ని వెనక నుంచి జుట్టు అంచు మీద పడేలా పెట్టి, మొదటిది ఆర్పి, కొత్తది ఒక్కటే వెలిగించి ఒక ఫొటో తీయండి. జుట్టు అంచు తప్ప ఇంకేదైనా వెలిగితే కోణం మార్చండి. ఆ లైటు లెన్సులోకి సూటిగా కొడుతుంటే మధ్యలో ఒక నల్ల అట్టముక్క అడ్డం పెట్టండి, ఆ తర్వాతే మొదటి లైటు వెలిగించండి.