తూకానికి అందని పనితనం

అందరికీ నమస్కారం.

బల్ల మీదున్న ఈ అత్తరుదాన్‌ను ముందు కాస్త దగ్గరగా చూడండి. నెమలి ఆకారం, కడుపులో అత్తరు సీసా పెట్టుకునే చోటు, వీపు మీద మూత. కరీంనగర్ వెండి ఫిలిగ్రీ ఇది, అంటే సన్నటి వెండి తీగతో అల్లే పని. ఒంటి నిండా తీగే. అటువైపు దీపం పెడితే వెలుగు ఇటు జల్లెడలోంచి రాలినట్టు వస్తుంది. తిప్పి తిప్పి చూసినా చేసినవాళ్ల పేరు మాత్రం దీని మీద ఎక్కడా దొరకదు.

లండన్‌లో ముద్ర పడిన వెండి సామాను మీద అది ఏ ఏటిదో చెప్పే అక్షరం 1478 నుంచే ఉంటూ వచ్చింది. పక్కనే చేసినవాడి గుర్తు. మన దేశంలోనూ 19వ శతాబ్దంలో కచ్‌లోని భుజ్‌లో ఊమర్సీ మావ్‌జీ అనే వెండి పనివాడు తన పొడి అక్షరాలు వేసుకున్నాడు. మద్రాసులో పి. ఆర్ అండ్ సన్స్ వాళ్లు కంపెనీ పేరు కొట్టించారు, లోపల కూర్చుని చెక్కినవాళ్లవి కాదనుకోండి. మన ఔసలి, అంటే కంసాలి, మాత్రం కొనేవాడి ఇంటికి వస్తువును పంపేసి, మళ్లీ కుంపటి ముందు కూర్చున్నాడు.

ఈ పని పుట్టిల్లు మానేరు ఒడ్డున కోట ఉన్న ఎలగందుల. అక్కడ దాదాపు రెండు వందల ఏళ్ల నుంచి ఉందంటారు. నిజాం కాలపు పెద్దిళ్లకు అత్తరుదాన్లు, పాన్‌దాన్లు, పన్నీరు బుడ్లు కావాల్సి వచ్చేవి. 1905లో జిల్లా కేంద్రం ఎలగందుల నుంచి కరీంనగర్‌కు మారింది. అధికారులూ, కొనేవాళ్లూ ఎటు పోతే పనివాళ్లూ అటే కదా, ఈ విద్యా కరీంనగర్ పేరుతోనే స్థిరపడింది.

ఎలా చేస్తారో కొంచెం తీరిగ్గా చెప్పనివ్వండి. నా మాటంతా దాని మీదే ఆధారపడి ఉంది. మేలిమి వెండిని మూసలో కరిగించి సన్నటి కడ్డీగా పోస్తారు. దాన్ని సుత్తితో సాగగొట్టి కమ్మెచ్చులోకి ఎక్కిస్తారు. కమ్మెచ్చు అంటే బెజ్జాలున్న ఉక్కు పలక. పెద్ద బెజ్జం నుంచి చిన్న బెజ్జానికి మారుస్తూ పట్టకారుతో లాగుతూ పోతే కడ్డీ తీగవుతుంది. లాగిన కొద్దీ వెండి బిరుసెక్కుతుంది కాబట్టి నడుమ నడుమ నిప్పు చూపించి మెత్తబరచాలి. చివరికి వెంట్రుకతో పోల్చదగినంత సన్నబడ్డాక, రెండు పోగులు కలిపి పురిపెట్టి చదును చేస్తారు. అంచులో సన్నటి గింజల వరసలా మెరిసేది ఆ పురే. లావు తీగతో ఆకు చట్రం, మామిడిపిందె చట్రం కట్టుకుని, ఆ ఖాళీలో ఈ సన్న తీగను సుడులు తిప్పి ఇరికిస్తారు.

అసలు పరీక్ష అతుకు దగ్గర. వెలిగారం నీళ్లు పూసి, టంకం పొడి చల్లి, మంట ఊదుతారు. టంకం కరగాలి, తీగ కరగకూడదు. ఈ రెంటికీ మధ్య వ్యవధి చాలా తక్కువ. వేడి చాలకపోతే సుడి ఊడిపోతుంది, ఎక్కువైతే ఇన్నాళ్ల అల్లికా ముద్దవుతుంది. టంకం ఎక్కువ చల్లినా సుడుల సందులు పూడుకుపోతాయి. పాత వస్తువు చేతికొస్తే నేను మొదట చూసేది ఆ సందులే. ఈ నెమలి మెడ దగ్గర చూడండి, అంత వంపులోనూ ఒక్క సందు పూడలేదు. పేరు తెలియకపోయినా ఆ మనిషి ఊపిరి మీద ఎంత పట్టున్నవాడో తెలుస్తోంది.

ఇంత చేశాక వస్తువు తేలికవుతుంది. పనితనం పెరిగేకొద్దీ తీగ సన్నబడుతుంది, బరువు తగ్గుతుంది. మన బజారులోనేమో వెండి వస్తువు ధర తూకంతోనే మొదలవుతుంది. అందరికంటే గొప్పగా చేసినవాడికి త్రాసులో అందరికంటే తక్కువ తూగుతుంది! నాకు బాధ కలిగించేది ఇదే. కష్టకాలంలో అమ్మకానికి వచ్చిన పాత పాన్‌దాన్‌ను ఎవరూ పాన్‌దాన్‌గా కొనరు. మేలిమి వెండి కాబట్టి నేరుగా మూసలోకే పోతుంది. మిగిలినవి తక్కువ కావడానికి ముఖ్య కారణం దొంగలూ కాదు, కాలమూ కాదు, త్రాసే అని నా నమ్మకం.

కరీంనగర్ ఫిలిగ్రీకి 2007లో భౌగోళిక గుర్తింపు (జీఐ ట్యాగ్) వచ్చింది. ఎప్పటినుంచో పేరున్న ఒడిశా వెండి తీగపని, కటక్ తారకసికి 2024లో గానీ రాలేదు. మనకు గర్వమే. అయితే ఆ గుర్తింపు ఊరి పేరును కాపాడుతుంది. ఫలానా నెమలి ఫలానా చేతిదని చెప్పదు. ఆ పని కొనే మనమే చెయ్యాలి. కొత్తది కొన్నప్పుడు చేసినవారి పేరు అడిగి బిల్లు మీద రాయించుకోండి. తాతల నాటిది ఇంట్లో ఉంటే, ఎవరి దగ్గర చేయించారో పెద్దవాళ్లకు గుర్తున్నంతా రాసి దానితోపాటు భద్రపరచండి. విభూతితోనో, తోమే పొడితోనో రుద్దకండి, పొడి సందుల్లో ఇరుక్కుంటే రాదు. కుంకుడు నురగ, మెత్తటి బ్రష్షు చాలు.

ఇప్పుడు ఇద్దరు కళాకారులు ఇక్కడే తీగ లాగి, ఒక ఆకు అతికి చూపిస్తారు. పని గురించిన ప్రశ్నలు వాళ్లనే అడగండి. అంతకంటే ముందు వాళ్ల పేర్లడగండి.