అమెరికా మొదటి ఫ్యాక్టరీయే కాపీ! ఇప్పుడు మనకు పాఠాలా?

అమెరికాను ఫ్యాక్టరీల దేశంగా మార్చింది అమెరికా వాడి తెలివి కాదు. ఇంగ్లండ్ నుంచి ఎత్తుకొచ్చిన సరుకు. మళ్ళీ చెప్తున్నాను, ఎత్తుకొచ్చిన సరుకు! కోపం వస్తే రానివ్వండి, వీడియో మాత్రం ఆపకండి.

గొడవేంటో మీకు తెలుసు. అమెరికా వాణిజ్య ప్రతినిధి కార్యాలయం (USTR) వాళ్ళు ఏటా స్పెషల్ 301 అని ఒక రిపోర్టు వదులుతారు. పేటెంట్లు సరిగా కాపాడరంటూ మన దేశాన్ని ఏళ్ళ తరబడి అందులో ప్రయారిటీ వాచ్ లిస్టులో, అంటే గట్టిగా కన్నేసి ఉంచాల్సిన దేశాల జాబితాలో కూర్చోబెట్టారు. అది చాలదన్నట్టు 2025 ఆగస్టులో మన సరుకు మీద సుంకం 50 శాతం చేశారు. ఆ దెబ్బ భీమవరం రొయ్యల చెరువు దాకా తగిలింది. పైగా మనవాళ్ళే కొందరు, "వాళ్ళు కనిపెడతారు, మనం కాపీ కొడతాం, ఆ మాత్రం తేడా ఉండదా?" అంటారు. అలా అనేవాళ్ళ కోసమే ఈ వీడియో.

1789కి వెళ్దాం. వాషింగ్టన్ అప్పుడే మొదటి ప్రెసిడెంట్ అయ్యాడు. దేశం కొత్తది, చేతిలో డబ్బు లేదు, మంచి గుడ్డ కావాలంటే ఎక్కువగా ఓడలో రావాల్సిందే. ఇంగ్లండ్‌లో మాత్రం రిచర్డ్ ఆర్క్‌రైట్ అనే మిల్లుల యజమాని తెచ్చిన యంత్రాలు నీటి బలంతో నూలు వడికేస్తున్నాయి. ఆ రహస్యం బయటికి పోకుండా బ్రిటన్ గట్టి కాపలా పెట్టింది. యంత్రం ఓడెక్కకూడదు, బొమ్మ గీసిన కాగితం ఓడెక్కకూడదు, పని తెలిసిన మనిషి కూడా ఓడెక్కకూడదు. అన్నిటికీ చట్టాలున్నాయి.

ఇంగ్లండ్‌లోని డెర్బీషైర్‌లో శామ్యూల్ స్లేటర్ అని 21 ఏళ్ళ కుర్రాడు. ఆర్క్‌రైట్ భాగస్వామి జెడెడయా స్ట్రట్ మిల్లులో ఏళ్ళ తరబడి పని నేర్చుకున్నాడు. ఏ చక్రం ఎక్కడ తిరుగుతుందో, ఏ పట్టీ దేన్ని లాగుతుందో మొత్తం బుర్రలో ఎక్కించుకున్నాడు. పొలం పని చేసుకునేవాడినని చెప్పి న్యూయార్క్ ఓడ ఎక్కేశాడు. అధికారులకు దొరకడానికి వాడి దగ్గర యంత్రం బొమ్మ గీసిన ఒక్క కాగితం లేదు. ఒక్క మర సీల లేదు. తల తెరిచి చూడలేరు కదా!

రోడ్ ఐలండ్‌లో పాటకెట్ అనే ఊరు. అక్కడ మోజెస్ బ్రౌన్ అనే వ్యాపారి తెచ్చిపెట్టుకున్న యంత్రాలు పనిచేయక మూలపడి ఉన్నాయి. స్లేటర్ వెళ్ళి చూసి, ఇవి పనికిరావు, నేను కట్టిస్తానన్నాడు. ఊళ్ళో కమ్మరి, వడ్రంగి చేత జ్ఞాపకం మీదే అన్నీ చేయించాడు. 1790 డిసెంబరులో 72 కదుళ్ళు తిరగడం మొదలుపెట్టాయి. అమెరికా పారిశ్రామిక విప్లవం మొదలైంది అక్కడే! పనివాళ్ళు ఎవరనుకున్నారు? తొమ్మిది మంది పిల్లలు, ఏడు నుంచి పన్నెండేళ్ళ లోపు వాళ్ళు. మన చిన్నప్పటి పాఠంలో ఈ ముక్క ఉందా? నాకైతే గుర్తు లేదు.

అమెరికాలో ఆయన ఫ్యాక్టరీ వ్యవస్థకు పితామహుడు. ఇంగ్లండ్‌లో సొంత ఊరి వాళ్ళకు ద్రోహి స్లేటర్. ఆ బిరుదు వాళ్ళిచ్చిందే, నేనివ్వలేదు.

ఎవడో ఒక కుర్రాడు చేస్తే దేశం మొత్తాన్ని అంటావా అని అడుగుతారు. అడగండి! ఫిలడెల్ఫియా వ్యాపారి టెంచ్ కాక్స్ పేరు విన్నారా? 1787లో ఈయన డబ్బులిచ్చి ఇంగ్లండ్‌కు మనిషిని పంపాడు, ఆర్క్‌రైట్ యంత్రాల నమూనాలు చేయించి రహస్యంగా పట్టుకురమ్మని. నమూనాలు అక్కడే పట్టుబడ్డాయి. మరి కాక్స్‌కు ఏ శిక్ష పడిందంటారా? 1790లో అమెరికా ఆర్థిక శాఖలో, ఆర్థిక మంత్రి అలెగ్జాండర్ హామిల్టన్ కింద పెద్ద ఉద్యోగం! 1791లో హామిల్టన్ పరిశ్రమల మీద ఇచ్చిన ప్రసిద్ధ నివేదికలో ఈయన చెయ్యి ఉంది. బయటి దేశాల నుంచి కొత్త యంత్రాలు తెచ్చేవాళ్ళకు బహుమతులివ్వాలని ఆ నివేదికే చెప్పింది. ఇది వ్యక్తి పనా, ప్రభుత్వ పాలసీయా? మీరే చెప్పండి.

తర్వాతి ఘనుడు ఫ్రాన్సిస్ కాబట్ లోవెల్. బోస్టన్ పెద్దింటి బిడ్డ, హార్వర్డ్ చదువు, లెక్కల్లో దిట్ట. ఆరోగ్యం బాగాలేదని 1810లో కుటుంబంతో బ్రిటన్ వెళ్ళాడు. ఆరోగ్యం సంగతేమో గానీ మిల్లులన్నీ తిరిగి మరమగ్గం ఎలా నడుస్తుందో కంఠతా పట్టాడు. 1812లో తిరిగొస్తుంటే బ్రిటిష్ వాళ్ళు ఓడ ఆపి సామాను వెతికారు. ఏముంటుంది, మళ్ళీ తలలోనే! పాల్ మూడీ అనే మెకానిక్‌తో కలిసి వాల్తమ్‌లో మిల్లు పెట్టాడు. దూది లోపలికి వెళ్తే గుడ్డ బయటికొచ్చేలా పనంతా ఒకే కప్పు కింద. అలా కలిపి కట్టడం మాత్రం వాళ్ళ సొంత తెలివే, ఒప్పుకుంటాను. ఆయన పేరుతోనే తర్వాత లోవెల్ నగరం వెలిసింది. పల్లెల నుంచి వేల మంది ఆడపిల్లలు వచ్చి కంపెనీ ఇళ్ళలో ఉంటూ, గంట మోగితే లేచి, రోజుకు పన్నెండు పదమూడు గంటలు పనిచేశారు. కూలి తగ్గిస్తే 1834లో, బస ఖర్చు పెంచితే 1836లో సమ్మెకు దిగారు. వాళ్ళ మీద విడిగా ఒక వీడియో చేయాలి, అంత ఉంది.

ఇక మనకు మండే ముక్క. మిల్లు లేచిందో లేదో లోవెల్ నేరుగా వాషింగ్టన్‌లో దిగాడు, సుంకం వేయించడానికి. ఎవరి మీద? మన మీద! అప్పట్లో అమెరికా ఓడలు భారతదేశం నుంచి చవక నూలు గుడ్డ మోసుకెళ్ళేవి. 1816 చట్టం ఏం చేసిందంటే, గజం గుడ్డ ఎంత చవకైనా సరే, దాని ధర 25 సెంట్లని లెక్కగట్టి 25 శాతం సుంకం వేసింది. అంటే గజానికి ఆరు సెంట్ల పైనే. గుడ్డ అసలు ధర ఆరు సెంట్లే అనుకోండి, సుంకం వంద శాతం దాటిపోయింది! 2025లో వేసిన 50 శాతానికే మనం గుండెలు బాదుకున్నాం. ఇంగ్లండ్ మాత్రం తక్కువ తిందా? మన అద్దకం గుడ్డల్ని 1721లోనే నిషేధించింది. ఆ గుడ్డలో మచిలీపట్నం పనితనం కూడా ఉంది.

అమెరికా గొప్పగా చెప్పుకునే ఆవిష్కర్త ఎలీ విట్నీని కూడా వదలను. 1801లో వాషింగ్టన్‌లో పెద్దల ముందు తుపాకి భాగాలు కుప్ప పోసి, ఏదైనా దేనికైనా సరిపోతుందని చూపించాడు. అందరూ నోరెళ్ళబెట్టారు. ఆ డెమో కోసం భాగాల్ని ముందే సరిచేసి పెట్టుకున్నాడని చరిత్రకారులు తర్వాత తేల్చారు. ఇన్వెస్టర్ల ముందు మన హైటెక్ సిటీ స్టార్టప్ డెమో లాగే! ప్రభుత్వానికి రెండేళ్ళలో ఇస్తానన్న 10,000 తుపాకులు పూర్తయ్యేసరికి 1809 వచ్చింది. అసలా ఆలోచన ఫ్రాన్స్‌ది. 1785లో పారిస్‌లో, తర్వాత ప్రెసిడెంట్ అయిన జెఫర్సన్ స్వయంగా చూసి ఇంటికి ఉత్తరం రాశాడు.

పత్తి గింజ తీసే జిన్ మీద మాత్రం 1794లో విట్నీకి పేటెంట్ దక్కింది. దాన్ని తోటల యజమానులు అడ్డంగా కాపీ కొట్టారు, పాపం ఈయన కోర్టుల చుట్టూ తిరిగాడు. కాపీ దేశంలో కాపీ కేసు! ఇక్కడ మాత్రం నవ్వు ఆగిపోతుంది. గింజ తీయడం తేలికైంది గనక పత్తి పెరిగింది, పత్తి ఏరడానికి మనుషుల్ని కొన్నారు. 1790లో దాదాపు ఏడు లక్షలున్న బానిసలు 1860 నాటికి దాదాపు 40 లక్షలయ్యారు. వాళ్ళు ఏరిన పత్తే ఉత్తరాది మిల్లులకు వెళ్ళేది. ఆ మిల్లుల్లో కొన్ని ముతక గుడ్డ నేసి, బానిసలకు కట్టబెట్టమని తిరిగి ఆ తోటలకే అమ్మేవి. ఏ కొత్త ఆవిష్కరణ గురించి గొప్పగా చెప్పినా ఈ లెక్క కూడా పక్కన పెట్టాలి.

హడ్సన్ నదిని ఎరీ సరస్సుతో కలిపిన ఎరీ కాలువ సంగతేంటి అంటారు. 1825లో పూర్తయింది, 363 మైళ్ళు, గొప్ప పనే. కానీ దాని ఇంజనీర్లలో ఒకడు కాన్వాస్ వైట్. ఇంగ్లండ్ కాలువల వెంట కాలినడకన తిరిగి, అన్నీ చూసుకొచ్చి మరీ కట్టారు. చూశారా, ఎక్కడ తవ్వినా అదే నీళ్ళు! మోర్స్ టెలిగ్రాఫ్‌ను వదిలేస్తున్నా, ఈ రోజుకి.

చివరిగా పేటెంట్ చట్టం. 1793లో వాళ్ళు రాసుకున్న చట్టంలో పేటెంట్ అమెరికా పౌరుడికే. 1800లో అక్కడే కాపురమున్న విదేశీయులకు కాస్త సందిచ్చారు, అంతే. లండన్‌లో కూర్చున్న వాడు ఏం కనిపెట్టినా అమెరికాలో దానికి దిక్కు లేదు. 1836లో తలుపు తీశారు, ఫీజులు చూడండి: సొంత పౌరుడికి 30 డాలర్లు, విదేశీయుడికి 300, బ్రిటిష్ వాడికి 500!

ఈసారి స్పెషల్ 301 వచ్చినప్పుడు మన ఢిల్లీ వాళ్ళు జవాబులో ఈ ఫీజుల పట్టిక జతచేసి పంపాలని నా డిమాండ్. కింద కామెంట్లో నన్ను తిట్టేవాళ్ళు తిట్టొచ్చు, కాకపోతే ఆ 500 ఎందుకో చెప్పి తిట్టండి.