నల్లమల బాటలు: ముందు దిగుడు, వెనుక ఎక్కుడు

శ్రోతలకు నమస్కారం.

కొండ నడక అనగానే ముందు ఆయాసపడి ఎక్కడం, పైన గాలికి కాసేపు కూర్చోవడం, ఆ తరువాత తేలికగా దిగి రావడం మన కళ్ల ముందు మెదులుతాయి. భువనగిరి గుట్టయినా, దేవరకొండ కోటయినా, కోయిలకొండయినా వరుస అదే. అచ్చంపేట దాటి నల్లమలలోకి పోయేవారికి మాత్రం ఈ వరుస తలకిందులవుతుంది. శ్రీశైలం రోడ్డు ఘాట్ ఎక్కి మన్ననూరు దగ్గర మనల్ని పీఠభూమి మీద దింపుతుంది. ఎక్కవలసిన కొండను మన బదులు బస్సే ఎక్కేస్తుంది. అక్కడి నుంచి అడవిలోకి పోయే కాలిబాటల్లో పేరున్నవన్నీ దాదాపుగా కిందికే, లోయల్లోకే పోతాయి. ఎక్కుడు తిరుగుదారిలో, ఎండ ముదిరి సీసాలో నీళ్లు అడుగంటిన తరువాత మొదలవుతుంది. ఈ సంగతి తెలియక అవస్థపడిన వారిని చాలామందిని చూశాను. మొదటిసారి సలేశ్వరం పోయిన నాడు వారిలో నేనూ ఒకణ్ణి.

ఇందుకు కారణం ఆ నేల తీరులోనే ఉంది. అమ్రాబాద్ పీఠభూమి మీద గట్టి రాతి పొరలు పలకలు పేర్చినట్టుగా అడ్డంగా పరుచుకొని ఉంటాయి. వాన నీరు ఆ పలకల సందుల్లోకి ఇంకి, కొండచరియ తెగిన చోట ఊటగా బయటికి వస్తుంది. అందుచేత ఎండాకాలంలో పైన నేల బీటలు వారి, చెట్లు ఆకు రాల్చి నిలబడి ఉన్న రోజుల్లో కూడా, కింద లోయలో రాతి నుంచి నీరు కారుతూనే ఉంటుంది. నీరున్న చోటికే జంతువు పోతుంది, జంతువు వెంట చెంచు పోతాడు, చెంచు చూపిన తోవన భక్తుడు పోతాడు. అలా పడిన బాటలే ఇవి. అటువంటి లోతైన లోయను ఇక్కడ లొద్ది అంటారు. తొలి ఏకాదశికి జనం దర్శించుకొనే లొద్ది మల్లయ్యకు ఆ పేరు అలా వచ్చినదే. పేర్ల మాట వచ్చింది కాబట్టి మరొకటి చెబుతాను. ఇప్పుడు అధికారికంగా బ్రహ్మగిరి, కృష్ణగిరిగా మారిన దోమలపెంట, ఈగలపెంట అనే ఊళ్ల పాత పేర్లు విని కొత్తవారు నవ్వుతారు. పెంట అంటే ఇక్కడ చెంచుల చిన్న గూడెమని తెలిసిన తరువాత ఆ నవ్వు ఆగిపోతుంది.

ఈ బాటలన్నింటిలోకి పేరున్నది లింగమయ్య జాతర జరిగే సలేశ్వరం. ఏటా చైత్ర పూర్ణిమకు అటూ ఇటూ కొద్ది రోజులు మాత్రమే అటవీశాఖ వారు ఆ దారిలోకి జనాన్ని అనుమతిస్తారు. ఫర్హాబాద్ దగ్గర రోడ్డు వదిలి, అడవి దారిలో రాంపూర్ పెంట వరకు వాహనం మీద పోయి, అక్కడి నుంచి నాలుగైదు కిలోమీటర్లు నడవాలి. లింగాల వైపు నుంచి ఇంకా దూరం నడిచి వచ్చేవారూ ఉన్నారు. బాట మొదట ఎండిన గడ్డి మధ్య, తునికి, నల్లమద్ది చెట్ల కింద చదునుగా సాగి, ఉన్నట్టుండి బండల మీదుగా కిందికి వంగుతుంది. చివరికి కొండ అంచు వెంట ఒక మనిషి పట్టేటంత సందులోకి చేరుతుంది. పోయేవారు, వచ్చేవారు అక్కడే ఎదురుపడతారు. ఒకరు బండకు వీపు ఆనించి నిలబడితే తప్ప మరొకరు దాటలేరు. దిగేటప్పుడు జనం ‘వస్తున్నాం లింగమయ్యా’ అని, తిరిగి ఎక్కేటప్పుడు ‘పోయొస్తం లింగమయ్యా’ అని గొంతెత్తి పిలుస్తూ నడుస్తారు. అది భక్తే. అయితే వంపు అవతల ఉన్నవారికి ఇటు నుంచి మనుషులు వస్తున్నారన్న కబురు కూడా ఆ పిలుపే అందిస్తుందని నాకు తోస్తుంది. బాట చివర ఎత్తైన చరియ మీది నుంచి జలధార గుండంలోకి పడుతుంది. పక్కనే గుహలో లింగమయ్య, ఆయనకు చెంచు పూజారులు. చైత్ర మాసపు ఎండలో ఆ నీటి కింద నిలబడినవారికి పళ్లు కటకటలాడతాయి.

నేను మా మేనమామతో కలిసి పోయిన ఏడు, దిగేటప్పుడు హుషారుగా మాటలు చెప్పుకుంటూ, తెచ్చుకున్న నీళ్లన్నీ దారిలోనే తాగేశాము. బాట పక్కన చెట్టు నీడలో కూర్చున్న ఒక చెంచు పెద్దాయన మా చేతుల్లోని ఖాళీ సీసాలు చూసి, ‘సారూ, నీళ్లన్నీ దిగుడులనే తాగిండ్రు, ఎక్కుడుల ఏం తాగుతరు?’ అన్నాడు. మేము నవ్వి ఊరుకున్నాము. దిగడానికి గంటన్నర పట్టిన దారిని ఎక్కడానికి మూడు గంటలు పట్టింది. మా మామ పది అడుగులకొకసారి ఆగి మోకాళ్లు పట్టుకున్నాడు. జాతర రోజుల్లో దాతలు దారిలో నీళ్లు, అన్నం పెట్టి పుణ్యం కట్టుకుంటారు కాని, మనకు దప్పిక అయిన చోటే చలివేంద్రం ఉండాలన్న నియమం ఏమీ లేదు. అప్పటి నుంచి నేను పాటిస్తున్న లెక్క ఒకటి ఉంది. మనిషికి మూడు లీటర్ల నీళ్లు ఉంటే ఒక లీటరు దిగడానికి, రెండు లీటర్లు ఎక్కడానికి. తెల్లవారేసరికి బాట మొదట్లో ఉండి, ఎండ నడినెత్తికి రాకముందే తిరుగుముఖం పట్టాలి. వేళ్లు ముందుకు జారి నలిగిపోయే వదులు చెప్పులకన్నా పాదాన్ని పట్టి ఉంచే బూట్లు మంచివి. మోకాళ్ల మీద బరువు ఎక్కడంలోకన్నా దిగడంలోనే ఎక్కువగా పడుతుంది కాబట్టి చేతిలో ఒక కర్ర ఉండాలి. ఆ కర్ర కోసం అక్కడి వెదురును నరకరాదు, ఇంటి నుంచే తెచ్చుకోవాలి.

నడవడం అలవాటు లేనివారు ఉమామహేశ్వరంతో మొదలుపెట్టడం మేలు. శ్రీశైలానికి ఉత్తర ద్వారంగా పేరున్న ఈ క్షేత్రం రంగాపూర్ దగ్గర పీఠభూమి అంచున ఉంది కాబట్టి, ఇక్కడ మాత్రం మనకు అలవాటైన వరుసే, ముందు ఎక్కుడు, తరువాత దిగుడు. పైకి వాహనాలు పోయే రోడ్డు ఉన్నా కాళ్లకు పని చెప్పిన వారికే ఆ చోటు రుచి తెలుస్తుంది. వంగి కప్పులా నిలిచిన కొండచరియ కిందనే గుడి ఉంటుంది. పాపనాశనం అనే చోట బండ నుంచి నీరు చుక్క చుక్కగా రాలుతూ ఉంటుంది. పైన చెప్పిన రాతి సందుల సంగతి అక్కడ కంటికి కనబడుతుంది. వటవర్లపల్లి నుంచి పోయే మల్లెలతీర్థం సులువైనదే, సుమారు 350 మెట్లు దిగితే జలపాతం. అయితే ఆ మెట్లనే మళ్లీ ఎక్కాలి.

జంతువుల సంగతి అడగనివారు ఉండరు. 2014 లో తెలంగాణ రాష్ట్రం ఏర్పడిన తరువాత పాత నాగార్జునసాగర్-శ్రీశైలం అభయారణ్యంలో మన వైపు భాగం అమ్రాబాద్ పులుల అభయారణ్యంగా విడిపడింది. నాగర్‌కర్నూల్, నల్లగొండ జిల్లాల్లో కలిపి దాని విస్తీర్ణం 2,600 చదరపు కిలోమీటర్ల పైచిలుకు. పెద్దపులి మనిషి అలికిడి విని తానే తప్పుకుంటుంది. కాలినడకన పోయేవారు ఎక్కువ జాగ్రత్త పడవలసినది ఎలుగుబంటితో. దానికి చూపు మందం కాబట్టి మనిషి దగ్గరికి వచ్చేదాకా గుర్తించక, బెదిరి మీదికి వస్తుంది. సలేశ్వరం జాతర నాటికి ఇప్పపూలు రాలుతూ ఉంటాయి. వేకువన ఆ పూలు తినడానికి ఎలుగు చెట్ల కిందికి వస్తుంది. అందువల్ల చీకట్లో ఒంటరిగా నడవకూడదు, గుంపుగా, మాట వినబడేటట్టు నడవాలి.

చరియల కింద నల్లగా వేలాడే పెద్ద తేనెపట్లను తలెత్తి చూడండి కాని, వాటి కింద పొగ పెట్టకండి. అగరుబత్తి అయినా సరే. ఆ పట్ల తేనె చెంచులది. చెంచు యువకుడు తాడు కట్టుకొని చరియ మీది నుంచి వేలాడుతూ తేనె తీసేటప్పుడు, పైన ఆ తాడును పట్టుకొనే పని అన్నదమ్ములకు కాక బావమరిదికి అప్పగించడం వారి ఆచారం. తన చెల్లెలి పసుపుకుంకుమలు ఆ తాడుకే వేలాడుతున్నాయని బావమరిదికి తెలుసు.

ఈ అడవిలో మన ఇష్టం వచ్చిన చోట నడవడానికి చట్టం ఒప్పుకోదు. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం అభయారణ్యంలోకి అనుమతి లేకుండా అడుగుపెట్టరాదు. అటవీశాఖ వారు మన్ననూరులో బస, సఫారీ, గైడు వెంట నడక ఏర్పాటు చేస్తున్నారు. గైడుగా చెంచు యువకుడు దొరికితే మాత్రం వదులుకోవద్దు. మనకు ఎండిన ఆకులు కనిపించే చోట అతనికి కణుజు అనే పెద్ద జింక అడుగులు కనిపిస్తాయి. ప్లాస్టిక్ లోపలికి తీసుకుపోనివ్వరు కాబట్టి నీళ్లకు స్టీలు సీసాలే పట్టుకుపోండి. బీడీ, సిగరెట్టు, అగ్గిపెట్టె ఇంటి దగ్గరే వదిలి రండి. వేసవిలో మోకాలెత్తు ఎండుగడ్డికి ఒక్క నిప్పురవ్వ చాలు. అడవిలో చాలాచోట్ల ఫోను పలకదు, ఎప్పటికి తిరిగి వస్తారో ఇంట్లో ముందే చెప్పి బయలుదేరండి.

ఇక తిరుగు ప్రయాణం. రాత్రి 9 గంటలకు మన్ననూరు, దోమలపెంట చెక్‌పోస్టుల గేట్లు మూసి, మళ్లీ తెల్లవారి 6 గంటలకు తెరుస్తారు. రాత్రి వేళ ఆ రోడ్డు జంతువులది. ఎక్కుడు ఆలస్యమై, పైకి వచ్చేసరికి పొద్దుగూకి, గేటు దగ్గర కారులోనే తెల్లవార్లూ కూర్చున్నవారు మా ఊళ్లోనే ఇద్దరు ముగ్గురు ఉన్నారు. వారు ఇప్పుడు దిగే ముందే గడియారం చూసుకుంటున్నారు.

నమస్కారం.