బుగాటీనా, కోనిగ్‌సెగ్గా? ముందు పళ్లు లెక్కపెట్టండి

[దృశ్యం: ఒంగోలు, కర్నూలు రోడ్డు పక్కన టీ కొట్టు. సాయంత్రం. బల్ల మీద నాలుగు గ్లాసులు, మధ్యలో ఫోను. ఫోను తెరపై నల్లటి కారు దూసుకుపోతోంది.]

నేను ఇంతవరకు బుగాటీని కళ్లారా చూడలేదు. ఈ కొట్టు దగ్గర రోజూ కూర్చునే వాళ్లలో ఎవరూ చూడలేదు. అయినా మూడు వారాలుగా ఇక్కడ బుగాటీ, కోనిగ్‌సెగ్ కంపెనీల కార్లలో దేని వేగం ఎక్కువ అన్నదే పంచాయితీ. చీమకుర్తిలో గ్రానైట్ పని చూసుకునే మా బావది బుగాటీ పక్షం. డిగ్రీ చివరి ఏడాదిలో ఉన్న మా తమ్ముడిది కోనిగ్‌సెగ్ పక్షం. బావ గంటకు 490 కిలోమీటర్లు అంటాడు. తమ్ముడు 447 అంటాడు. చిన్న అంకె చెప్పేవాడే గొంతు పెంచుతున్నాడంటే, ఇందులో ఏదో మెలిక ఉన్నట్టే కదా.

మొన్న ఆదివారం మా పెదనాన్న అటుగా వచ్చారు. ఆయనకు ఒంగోలు జాతి ఎద్దుల జత ఉంది. బండలాగుడు పోటీలకు తీసుకెళుతుంటారు. పావుగంట ఓపికగా విని, గ్లాసు కింద పెట్టి ఒకటే అడిగారు.

"ఒరేయ్ అబ్బాయిలూ, ఇంతకీ వాటికి పళ్లెన్ని?"

[టైటిల్ పడుతుంది. వెనక ఎద్దుల గజ్జెల చప్పుడు.]

బండలాగుడు చూడనివాళ్ల కోసం కొంచెం చెప్పాలి. పోటీలో ఎద్దులను పళ్లను బట్టి, అంటే వయసును బట్టి విడదీస్తారు. పాలపళ్ల జతలు, రెండు పళ్ల జతలు, నాలుగు, ఆరు, ఆపైన సీనియర్లు. విభాగాన్ని బట్టి బండ బరువు మారుతుంది. బండను బరి చివరిదాకా లాగి, అక్కడ తిరిగి, మళ్లీ వెనక్కి లాగాలి. ఇచ్చిన సమయం అయిపోగానే టేపు పట్టి దూరాన్ని అడుగుల్లో, అంగుళాల్లో కొలుస్తారు. జనం ఈలలు వేసేది ఇదంతా తేలాకే. కార్ల దగ్గరికి వచ్చేసరికి మావాళ్లు ముందు ఈలలు వేసేశారు.

హైపర్‌కారు అనే మాటకు చట్టం రాసిపెట్టిన అర్థం ఏదీ లేదు. సూపర్‌కారు కన్నా ఒక మెట్టు పైన, లెక్కపెట్టగలిగినన్ని మాత్రమే తయారయ్యే బండి అనుకుంటే చాలు. బుగాటీ వేరాన్లు మొత్తం 450, ఆ తర్వాత వచ్చిన షిరాన్లు 500. కోనిగ్‌సెగ్ అగేరా ఆర్ఎస్ అమ్మకానికి చేసినవి 25. ఇంత తక్కువ కార్ల గురించి ఇంతమంది తగవులాడుకోవడం విచిత్రమే కానీ, కొనే బాధ లేనివాడికే వాదించడానికి తీరిక ఎక్కువ.

[తెర మీద రెండు అంకెలు: 490.48, 447.19]

ఇప్పుడు బావ అంకె. 2019 ఆగస్టు 2న జర్మనీలోని ఏరా-లెసియన్ టెస్ట్ ట్రాక్ మీద బుగాటీ షిరాన్ సూపర్ స్పోర్ట్ 300 ప్లస్ గంటకు 490.48 కిలోమీటర్లు అందుకుంది. నడిపింది ఆండీ వాలెస్. 1998లో ఇదే ట్రాక్ మీద మెక్‌లారెన్ ఎఫ్1 అనే కారును 386 కిలోమీటర్ల పైకి తీసుకెళ్లింది కూడా ఆయనే.

తమ్ముడి అంకె 2017 నవంబరు 4ది. అమెరికాలోని నెవాడాలో ఒక మామూలు హైవేను మూయించి, అగేరా ఆర్ఎస్‌ను అటూ ఇటూ రెండుసార్లు పరుగెత్తించారు. ఒక వైపు 457.94, రెండో వైపు 436.44. సగటు 447.19.

ఈ రెండు అంకెల మధ్య తేడా చూశారా? అదే కారు, అదే రోడ్డు, అదే రోజు. దిక్కు మారేసరికి 21 కిలోమీటర్లు తగ్గింది. రోడ్డుకు కంటికి కనపడని వాలు ఉంటుంది, వెనక నుంచి గాలి తోస్తుంది. అందుకే వేగం రికార్డుకు రెండు వైపులా పరుగెత్తి సగటు తీయాలనే నియమం పెట్టుకున్నారు. షిరాన్ 490 ఒక వైపు పరుగే. ఆ పరుగు తర్వాత బుగాటీ ఇక వేగం రికార్డుల జోలికి పోనని ప్రకటించి పోటీ నుంచి తప్పుకుంది.

బావ ఒప్పుకుంటాడా? "రెండో వైపు పరుగెత్తలేదు కానీ, పరుగెత్తలేక కాదు" అన్నాడు. కావచ్చు. కానీ టేపు పట్టేవాడు 'పరుగెత్తగలదు' అన్న మాటను కొలవలేడు.

అయితే తమ్ముడు మర్చిపోతున్న సంగతి మరొకటి ఉంది. ఏరా-లెసియన్ ఫోక్స్‌వ్యాగన్ సంస్థ సొంత ట్రాక్. తిన్నగా 8.7 కిలోమీటర్ల దారి. ఆ సంస్థ నీడలో పెరిగిన బుగాటీకి అది ఇంటి వెనక దొడ్డి లాంటిది. స్వీడన్‌లో పాత వైమానిక స్థావరంలో కార్లు కట్టే కోనిగ్‌సెగ్‌కు అలాంటిదేమీ లేదు, ఎవరి రోడ్డో అడిగి తెచ్చుకోవాలి. సొంత పొలం ఉన్నవాడికీ, కౌలుకు తీసుకున్నవాడికీ పంట లెక్క ఒకటే అయినా పడే కష్టం ఒకటి కాదు. ఇది తమ్ముడికి అనుకూలమైన మాటే. తనకు తట్టలేదు, నేనే అందించాను.

[దృశ్యం: 2013 అనే అంకె. పక్కన రికార్డు పత్రం చెరిగిపోయి, మళ్లీ కనిపిస్తుంది.]

మరో మెలిక ఉంది. 2010లో వేరాన్ సూపర్ స్పోర్ట్ రెండు వైపులా పరుగెత్తి 431 సగటు తెచ్చుకుంది. నియమాలన్నీ పాటించింది. కానీ కొన్నవాళ్లకు ఇచ్చిన కార్లలో టైర్ల భద్రత కోసం వేగాన్ని 415 దగ్గర ఆపే కట్టడి పెట్టారు. 2013లో ఈ విషయం ఎవరో ఎత్తిచూపడంతో గిన్నిస్ సంస్థ రికార్డును రద్దు చేసింది. కొద్ది రోజులకే, ఆ కట్టడి వల్ల కారు నిర్మాణం మారదని చెప్పి తిరిగి ఇచ్చేసింది. ఇచ్చి, తీసుకుని, మళ్లీ ఇవ్వడం! మా ఊరి పోటీల్లో అయితే కమిటీవాళ్లను బండకు కట్టి లాగించేవారు.

అమెరికా కారు వెనమ్ జీటీది ఇంకో తిప్పలు. 2014లో కెన్నెడీ అంతరిక్ష కేంద్రం రన్‌వే మీద 435 దాటింది. ఒక వైపే. పైగా పట్టుమని ఇరవై కూడా తయారు కాలేదు. రికార్డు లెక్కలోకి రాలేదు.

[దృశ్యం: ఎడారి మధ్య తిన్నటి రోడ్డు. పక్కన కరెంటు స్తంభాలు ఒక్కొక్కటే వెనక్కి పోతున్నాయి.]

ఇక నాకు అన్నిటికన్నా ఇష్టమైన కథ. 2020 అక్టోబరులో ఎస్ఎస్‌సీ అనే చిన్న అమెరికా కంపెనీ తన టువటారా కారు అదే నెవాడా రోడ్డు మీద రెండు వైపులా కలిపి సగటున 508.73 కిలోమీటర్ల వేగం అందుకుందని ప్రకటించింది. వీడియో కూడా పెట్టింది. ప్రపంచమంతా చప్పట్లు కొట్టింది.

తర్వాత ఇళ్లలో కూర్చున్న అభిమానులు లెక్కలు మొదలుపెట్టారు. పద్ధతి చాలా సులువు, తొమ్మిదో తరగతి పిల్లలు చేసేయవచ్చు. వీడియోలో రోడ్డు పక్కన కనిపించే రెండు గుర్తులు పట్టుకోవాలి. మ్యాపులో వాటి మధ్య దూరం కొలవాలి. కారు మొదటి గుర్తు నుంచి రెండో గుర్తుకు చేరడానికి వీడియోలో ఎన్ని సెకన్లు పట్టిందో చూడాలి. దూరాన్ని కాలంతో భాగిస్తే వేగం. తెర మీద మెరిసిన అంకె ఒకటి, భాగిస్తే వచ్చిన అంకె వేరొకటి. మూడేళ్ల ముందు అదే రోడ్డు మీద తీసిన అగేరా వీడియో పోలికకు సిద్ధంగా ఉండనే ఉంది. చివరికి కంపెనీ తాను చెప్పిన వేగం అందుకోలేదని ఒప్పుకోవాల్సి వచ్చింది.

అదే కంపెనీ 2021 జనవరిలో కెన్నెడీ రన్‌వే మీద మళ్లీ ప్రయత్నించి, రెండు వైపులా సగటు 455.3 తెచ్చుకుంది. గమనించండి, ఇది అగేరా అంకె కన్నా ఎక్కువ! మొదటే ఈ అంకెతో వచ్చి ఉంటే నెత్తిన పెట్టుకునేవాళ్లు. ఇప్పుడు టువటారా పేరెత్తితే మా తమ్ముడు నవ్వుతాడు, బావ నవ్వుతాడు. వాళ్లిద్దరికీ ఏకాభిప్రాయం ఉన్న విషయం ఇదొక్కటే.

[దృశ్యం: కొత్తపట్నం సముద్రతీరం. నడుము లోతు నీళ్లలో ఒక కుర్రాడు పరుగెత్తబోయి తూలుతున్నాడు.]

అసలు ఈ చివరి కొద్ది కిలోమీటర్ల కోసం ఇంత గింజుకోవడం ఎందుకు? కారణం గాలి. కొత్తపట్నంలో నడుము లోతు నీళ్లలో మెల్లగా నడిస్తే నడవగలరు. పరుగెత్తబోతే నీళ్లు గోడలా నిలబడతాయి. గాలీ అంతే. వేగం రెట్టింపైతే గాలి అడ్డు నాలుగు రెట్లవుతుంది, దాన్ని తోసుకుపోవడానికి ఇంజన్ ఇవ్వాల్సిన శక్తి ఎనిమిది రెట్లవుతుంది.

నమ్మకపోతే బుగాటీ అంకెలతోనే సరిచూడండి. మొదటి వేరాన్‌కు 1,001 హార్స్‌పవర్, వేగం 407. సూపర్ స్పోర్ట్ 431 అందుకోవాలంటే? 431ని 407తో భాగించి, వచ్చినదాన్ని దానితోనే మరో రెండుసార్లు గుణించి, 1,001తో హెచ్చవేస్తే దాదాపు 1,190. బుగాటీ పెట్టింది 1,200. కాగితం మీద ఇలా అతికినప్పుడు కలిగే సంతోషం వేరు. 24 కిలోమీటర్ల కోసం 200 హార్స్‌పవర్! మన వీధుల్లో తిరిగే రెండు చిన్న కార్ల ఇంజన్లు కలిపినా అంత రాదు.

ఇదే లెక్కన 490కి 1,750 దాకా కావాలి. షిరాన్‌కు ఉన్నది 1,600. లోటును ఆకారంతో పూడ్చారు. తోకను సుమారు 25 సెంటీమీటర్లు పొడిగించారు, కారును నేలకు ఇంకా దగ్గర చేశారు. బావ గర్వపడాల్సింది ఇక్కడ. ఆయన మాత్రం ఇంకా 490 దగ్గరే ఆగిపోయి ఉన్నాడు.

వేరాన్ గురించి ఇంకో ముచ్చట. పూర్తి వేగంతో పోతే దాని టైర్లు పావుగంట వస్తాయట, కానీ వంద లీటర్ల ట్యాంకు పన్నెండు నిమిషాల్లోనే ఖాళీ. అంటే ఒంగోలులో బయలుదేరితే కావలి దాటాక, నెల్లూరు రాకముందే పెట్రోలు బంకు వెతుక్కోవాలి. ప్రాణానికి పెట్రోలే రక్ష.

ఈ వరసలో తాజా పేరు చైనాది. బీవైడీ వాళ్ల యాంగ్‌వాంగ్ యూ9 ఎక్స్‌ట్రీమ్ అనే విద్యుత్ కారు 2025 సెప్టెంబరులో జర్మనీలోని పాపెన్‌బర్గ్ ట్రాక్ మీద 496.22 అందుకుంది. దాదాపు 3,000 హార్స్‌పవర్, చేసేవి 30 కార్లు. ఇదీ ఒక వైపు పరుగే. ఇంజన్ శబ్దం లేని కారును మా టీ కొట్టులో ఇంకా ఎవరూ దత్తత తీసుకోలేదు.

[దృశ్యం: కొరిశపాడు దగ్గర జాతీయ రహదారి. పై నుంచి తీసిన చిత్రం. వెడల్పాటి, తిన్నటి సిమెంటు పట్టీ.]

ఇక్కడిదాకా వచ్చాక తమ్ముడికి ఒక ఆలోచన వచ్చింది. "మన దగ్గర రోడ్డు లేదా ఏమిటి?" అన్నాడు. ఉంది. పదహారో నంబరు జాతీయ రహదారి మీద కొరిశపాడు, రేణంగివరం మధ్య అత్యవసర సమయాల్లో విమానాలు దిగడానికి కట్టిన రన్‌వే. 4.1 కిలోమీటర్ల పొడవు, 33 మీటర్ల వెడల్పు. 2022 డిసెంబరులో వాయుసేన విమానాలు కిందికి దిగివచ్చి పరీక్షించి వెళ్లాయి. అదే ఏడాది జిల్లాల విభజనలో అది బాపట్ల కిందికి పోయింది కానీ, ఒంగోలు వాళ్లకు అది ఎప్పుడూ మా ప్రకాశం రోడ్డే. కెన్నెడీ రన్‌వే 4.57 కిలోమీటర్లు. మనది దానికి అరకిలోమీటరే తక్కువ.

కాగితం మీద ఆడుకుందాం. కాగితం మీదే సుమా, ఆ రోడ్డు మీద లారీలు తిరుగుతుంటాయి. నిలబడ్డ కారు 400 అందుకుని మళ్లీ పూర్తిగా ఆగడానికి అగేరా ఆర్ఎస్‌కు 2017లో పట్టింది 36.44 సెకన్లు, 2,441 మీటర్లు. అదే ఏడాది షిరాన్‌కు 41.96 సెకన్లు, 3,112 మీటర్లు. అంటే రెండు కార్లూ మన పట్టీ మీద 400 చూసి, ఆగి, ఊపిరి పీల్చుకోవచ్చు. షిరాన్‌కు దాదాపు కిలోమీటరు మిగులుతుంది, అగేరాకు ఇంకా ఎక్కువ. 490 మాత్రం ఇక్కడ కలలోని మాట. దానికి 8.7 కిలోమీటర్ల దొడ్డి కావాలి.

ఈ తేడాకు ప్రధానమైన కారణం బరువు. బుగాటీ దాదాపు రెండు టన్నులు, తోలు సీట్లు, ఇంజన్‌లోకి గాలి నెట్టే నాలుగు టర్బోలు, పదహారు సిలిండర్లు. అగేరా 1,400 కిలోల లోపే. పొడవాటి దారి ఇస్తే బుగాటీ, పొట్టి దారి ఇస్తే కోనిగ్‌సెగ్. పెదనాన్న అడిగిన పళ్ల లెక్క ఇదే.

నన్ను అడిగితే ఈ రెండూ కాదు. గోర్డన్ ముర్రే చేసిన టీ.50 అనే కారు ఉంది. మెక్‌లారెన్ ఎఫ్1 గీసిన మనిషే, మళ్లీ నడిపేవాడిని మధ్యలో కూర్చోబెట్టి, చేత్తో మార్చే గేరు ఇచ్చి, మొత్తం బండిని వెయ్యి కిలోల లోపు ఆపాడు. టర్బో లేని పన్నెండు సిలిండర్ల ఇంజన్ నిమిషానికి 12,100 సార్లు తిరుగుతుంది. వెనక ఒక ఫ్యాను గాలిని లాగి కారును నేలకు అదుముతుంది. చేసింది వంద. గరిష్ఠ వేగం ఎంత అని ఆయన పట్టించుకోనే లేదు. ఈ మాట టీ కొట్టులో అంటే బావా, తమ్ముడూ ఏకమై నా మీద పడ్డారు. లాఫెరారీ, మెక్‌లారెన్ పీ1, పోర్షే 918 అనే మరో మూడు కార్ల తగవును ఇంకో వీడియోకు దాచుకున్నాను. అప్పటికి ఇంకా మాట్లాడుకుంటుంటే.

[దృశ్యం: బస్సు కిటికీలోంచి రన్‌వే పట్టీ. పక్క సీటులో తెల్ల పంచె పెద్దాయన.]

నిన్న నలుగురం గుంటూరు పోతూ బస్సులో ఆ పట్టీ దాటాం. తమ్ముడు ఫోనులో స్టాప్‌వాచ్ పెట్టాడు. బస్సుకు మూడు నిమిషాల పైచిలుకు పట్టింది.

"అగేరా సగటు వేగంతో అయితే 33 సెకన్లు" అన్నాడు.

"షిరాన్‌కు 30" అన్నాడు బావ, గొంతు సవరించుకుని.

పెదనాన్న కిటికీలోంచి చూపు తిప్పకుండానే అన్నారు.

"సరే, అది చిలకలూరిపేట వైపు. మరి ఒంగోలు వైపు ఎంత?"