టీకా తర్వాత యాంటీబాడీ రిపోర్టు: ఆ అంకెను ఎలా చదవాలి?

నమస్కారమండీ. టీకా వేయించుకున్నాక యాంటీబాడీ పరీక్ష చేయించుకుని, రిపోర్టు చూపించి "ఇది సరిపోతుందా?" అని అడిగేవాళ్లు చాలామంది. నేను వెంటనే ఎదురు ప్రశ్న వేస్తాను. ఏ వైరస్‌కి సరిపోవాలి? అసలు సోకకుండా ఉండటానికా, సోకినా ఆసుపత్రి పాలు కాకుండా ఉండటానికా? ఇది తేలకుండా ఆ అంకెతో ఏమీ చెప్పలేం.

తేలికైనదానితో మొదలుపెడదాం. హెపటైటిస్ బి. దీనికి గీత స్పష్టంగా ఉంది. చివరి డోసు పడిన ఒకటి రెండు నెలలకు రక్తపరీక్షలో మిల్లీలీటరుకు 10 మిల్లీ యూనిట్లు, ఆ పైన వస్తే టీకా పనిచేసినట్టే. రేబిస్‌కూ ఇలాంటి గీతే ఉంది, మిల్లీలీటరుకు 0.5 యూనిట్లు.

మరి ఈ గీతలు ఎవరు గీశారు, ఎలా గీశారు? తట్టు విషయంలో జరిగింది చెబుతాను, నాకు భలే ఇష్టమైన కథ. 1985లో అమెరికాలోని ఒక విశ్వవిద్యాలయంలో రక్తదాన శిబిరం పెట్టారు. సుమారు నెల తిరిగేసరికి అక్కడే తట్టు చెలరేగింది. చూశారా, ఎవరూ అనుకోకుండానే, వైరస్ తగలకముందు తీసిన రక్తం పరిశోధకుల చేతికొచ్చింది! పరీక్షిస్తే, తట్టు యాంటీబాడీలు 120 మిల్లీ యూనిట్లు, అంతకంటే తక్కువ ఉన్నవాళ్లలో దాదాపు అందరూ జబ్బుపడ్డారు. 120 దాటినవాళ్లలో ఒక్కరికీ పూర్తిస్థాయి తట్టు రాలేదు.

ఆగండి, అసలు సంగతి ఇంకా ఉంది. 120 దాటినా మరీ ఎక్కువ లేనివాళ్లలో కొందరికి ఆ తర్వాత యాంటీబాడీలు నాలుగు రెట్లో, ఇంకా ఎక్కువో పెరిగాయి. ఎందుకు పెరుగుతాయి? వైరస్ ఒంట్లోకి వచ్చింది కాబట్టి. వచ్చింది, కానీ జబ్బుగా మారలేకపోయింది. అంటే జబ్బును ఆపడానికి కావాల్సిన స్థాయి వేరు, వైరస్‌ని గుమ్మంలోనే ఆపడానికి కావాల్సిన స్థాయి వేరు. రెండోది బాగా ఎక్కువ. ఈ ఒక్క ముక్క గుర్తుంటే మిగతా వీడియో అంతా సులువు.

ఇక ఫ్లూ. ఇక్కడ యూనిట్లు కాదు, టైటర్ అంటారు. రక్తంలోంచి సీరం, అంటే కణాలు తీసేశాక మిగిలే ద్రవం, తీసి 10 రెట్లు, 20 రెట్లు, 40 రెట్లు, అలా పలచన చేస్తూ పోతారు. ఎంత పలచన చేసేదాకా అది వైరస్‌ని అడ్డుకోగలిగితే అది టైటర్. 40 వచ్చిందంటే సోకే ముప్పు దాదాపు సగం తగ్గుతుందని లెక్క. సగమే! తెరమీద గీస్తున్న వంపు చూడండి. టైటర్ పెరిగేకొద్దీ రక్షణ మెల్లగా పైకెక్కుతోంది, ఎక్కడా మెట్టు లేదు. 39 దగ్గర ప్రమాదం, 41 దగ్గర క్షేమం అనేదేమీ లేదన్నమాట.

కోవిడ్‌లో ఇలాంటి వంపులు రెండు గీయాలి. 2021లో వేర్వేరు టీకాల ట్రయల్స్‌ను కలిపి చేసిన ఒక విశ్లేషణలో, కోవిడ్ వచ్చి కోలుకున్నవాళ్ల సగటు యాంటీబాడీ స్థాయిని కొలబద్దగా తీసుకున్నారు. సోకకుండా 50 శాతం రక్షణకు అందులో 20 శాతం కావాల్సి వచ్చింది. తీవ్రమైన జబ్బు రాకుండా అంతే రక్షణకు 3 శాతమే చాలింది. నెలలు గడిచేకొద్దీ జలుబూ జ్వరమూ మళ్లీ వచ్చినా, చాలామందికి ఊపిరితిత్తుల దాకా పోకపోవడానికి ఇదొక కారణం.

"అయితే నా హెపటైటిస్ బి అంకె ఏళ్ల తర్వాత 10 కిందికి పడిపోయింది, రక్షణ పోయినట్టేనా?" ఆరోగ్యవంతులు ఒకసారి 10 దాటి ఉంటే, సాధారణంగా పోదు. రక్తంలో యాంటీబాడీలు తగ్గినా ఆ వైరస్‌ని గుర్తుపెట్టుకునే మెమరీ కణాలు మిగిలే ఉంటాయి. వైరస్ కనబడగానే కొద్ది రోజుల్లో మళ్లీ యాంటీబాడీలు తయారుచేయిస్తాయి. హెపటైటిస్ బి ముదరడానికి రెండు నుంచి ఐదు నెలలు పడుతుంది, కాబట్టి వాటికి కావాల్సినంత వ్యవధి దొరుకుతుంది. కోవిడ్, ఫ్లూ అలా కాదు, రెండు మూడు రోజుల్లోనే లక్షణాలు మొదలవుతాయి. మెమరీ కణాలు, వైరస్ సోకిన కణాల్ని చంపే టి కణాలు కదిలేలోపు గొంతు నొప్పి వచ్చేసి ఉంటుంది. తీవ్రం కాకుండా ఆపడానికి మాత్రం అవి సమయానికే అందుకుంటాయి. డయాలిసిస్ మీద ఉన్నవాళ్ల లెక్క వేరు. వాళ్లకు హెపటైటిస్ బి యాంటీబాడీలు ఏటా చూసి, 10 కంటే తగ్గితే బూస్టర్ ఇస్తారు.

చివరగా కోవిడ్ రిపోర్టుతో వచ్చే తిప్పలు. కొన్ని పరీక్షలు వైరస్ లోపల ఉండే న్యూక్లియోక్యాప్సిడ్ అనే ప్రోటీన్ మీద పనిచేసే యాంటీబాడీలనే వెతుకుతాయి. మీ టీకా వైరస్ పైన ముల్లులా ఉండే స్పైక్ ప్రోటీన్ ఒక్కదాన్నే ఒంటికి చూపించేదైతే, ఆ పరీక్షలో నెగటివ్ వస్తుంది. టీకా భేషుగ్గా పనిచేసినా సరే! పైగా మామూలు ల్యాబ్ పరీక్ష అతుక్కునే యాంటీబాడీలన్నిటినీ లెక్కిస్తుంది. వాటిలో వైరస్‌ని నిజంగా నిలువరించేవి ఎన్నో చెప్పదు. కొత్త వేరియంట్ వస్తే పాత స్పైక్‌తో చేసిన కొలత ఇంకా తక్కువ పనికొస్తుంది. అందుకే 2021 మేలోనే అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ, టీకా తర్వాత రక్షణ ఉందో లేదో చూసుకోవడానికి ఈ పరీక్షలు వాడొద్దని చెప్పింది.

రెండు ల్యాబుల రిపోర్టులు పక్కపక్కన పెట్టి పోల్చాలంటే ముందు యూనిట్లు చూడండి. రెండింటిలోనూ బీఏయూ (వేర్వేరు ల్యాబుల అంకెలు పోల్చడానికి పెట్టిన ఉమ్మడి యూనిట్) అని లేకపోతే, ఒకదానిలో 250, ఇంకోదానిలో 900 ఉన్నా ఏది ఎక్కువో చెప్పలేం.